నూట పదమూడో ఇల్లు

నా భర్తను నిద్ర లేపడం కూడా ఒక పనేనని పెళ్లయిన తొమ్మిదేళ్ల దాకా నాకు తెలియదు. నీళ్లు తేవడం పని, బొగ్గుల పొయ్యి రాజెయ్యడం పని, జొన్నరొట్టెలు చేసి సద్దిగిన్నెలో సర్దడం పని, ఎనిమిది గంటలకు తెల్లచీర కట్టుకొని గని దవాఖానకు పోవడం పని. వీటి మధ్య మూడుసార్లు లోపలి గదిలోకి పోయి రావడాన్ని మాత్రం నేను దేనికిందా వెయ్యలేదు. మొదటిసారి గడపలో నిలబడి పిలిచేదాన్ని. రెండోసారి భుజం తట్టేదాన్ని. మూడోసారి తడిగుడ్డతో ముఖం తుడిచి, వీపు వెనక చెయ్యి పెట్టి లేపి కూచోబెట్టేదాన్ని. అంబదాస్ ఎర్రటి కళ్లతో నా వైపు చూసి, "లేస్తున్న గదనే, ఏం పరేషాన్ జేస్తవ్," అనేవాడు. లేచాక పెరట్లోకి పోయి గంజాయి చిలుం ముట్టించేవాడు. "కొంచెమే. ఒళ్లు నొప్పులకు మందు అసుంటిది," అనేవాడు. ఆ కొంచెం ఎంతో నేనెప్పుడూ అడగలేదు. అరుగు మీద కూచున్న మా అత్త శంకరవ్వ, నేను నోరు తెరవకముందే, "మొగోడు పానం బెట్టి పనిజేస్తుండు. నీ లెక్క నీడపట్టున కూసుంటడా? జర ఓపిక వట్టు," అనేది. నీడపట్టు అంటే ఆమె ఉద్దేశం దవాఖాన. అక్కడ రోజుకు ఎంతమంది పుండ్లు కడుగుతానో, ఎన్ని కాన్పులకు నిలబడతానో ఆమెకు తెలుసు. మా చిన్నదాని కాన్పప్పుడు కూడా నొప్పులు మొదలయ్యేదాకా నేను పనిలోనే ఉన్నాను.

మాది బెల్లంపల్లికి అవతల ఒక చిన్న గని. వరుసగా కట్టిన ఇళ్లను లైన్లు అనేవాళ్లు. అత్తవాళ్లది మగ్గాల ఇల్లు; మగ్గం కూడు పెట్టడం మానేశాక అంబదాస్ గనికి వచ్చాడు. అందరూ గనిని బాయి అనేవాళ్లు. ఆయన హాలర్ నడిపేవాడు. బాయి ఏటవాలుగా లోపలికి దిగుతుంది. లోపల బొగ్గు నింపిన టబ్బులను, అంటే పట్టాల మీద నడిచే ఇనుప బండ్లను, ఒక ఇనుప తాడు పైకి లాగుతుంది. ఆ తాడును తిప్పే యంత్రం మీట నా భర్త చేతిలో ఉండేది. లోపలినుంచి గంట ఒకసారి మోగితే ఆపాలి, రెండుసార్లు మోగితే లాగాలి. తాడు పక్కనే కూలీలు నడుస్తుంటారు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే, తొమ్మిదేళ్లపాటు ప్రతి పొద్దున ఆయన్ను లేపి, ముఖం తుడిచి, ఆ మీట దగ్గరికి పంపించాను. భార్యగా నా ధర్మం చేస్తున్నాననుకున్నాను.

అరవై మూడులో, వానలు వెనకబట్టిన రోజుల్లో, వేరే బాయిలో ఒక టబ్బు పట్టాలు తప్పి ముగ్గురికి దెబ్బలు తగిలాయి. కారణం గంజాయి అని ఎవరో అన్నారు. లైన్లలో గంజాయి తాగేవాళ్ల లెక్క తియ్యమని మా దవాఖానకు ఒక కాగితం వచ్చింది. గంజాయి అప్పట్లో లైసెన్సు దుకాణంలోనే దొరికేది. దాచుకోవలసిన సరుకేం కాదు. కానీ పనిలోంచి తీసేస్తారేమోనన్న భయం మాత్రం ఉంది. మా డాక్టరు సీతాపతి గారు గుంటూరు వైపు మనిషి, వచ్చి ఏడాదైనా కాలేదు. అచ్చువేసిన ఫారాల కట్ట నా ముందు పెట్టి, "నర్మదమ్మా, పిల్లల బరువులు చూడటానికి ఎలాగూ ఇంటింటికీ వెళుతున్నారు కదా, ఇది కూడా కాస్త అడిగి రాసుకు రండి," అన్నారు. "ఎలాగూ" అన్న మాట నా ఉద్యోగంలో చాలాసార్లు విన్నాను. ఎలాగూ వెళుతున్నావు కనుక, ఎలాగూ ఉన్నావు కనుక. ఇంట్లోనూ అదే మాట. ఎట్లాగూ పొయ్యి దగ్గరే ఉన్నావు కనుక ఇంకో రెండు రొట్టెలు.

ఫారంలో నాలుగే గడులు. పేరు, నంబరు, గంజాయి తాగుతాడా అవునా కాదా, రోజుకు ఎన్ని గ్రాములు. పన్నెండు రోజుల్లో నూట పన్నెండు ఇళ్లు తిరిగాను. అవును అని చెప్పినవాళ్లు ముగ్గురు. అందులో ఒకామె భర్త చనిపోయి రెండేళ్లయింది. ఇంకొకామె ఆ పొద్దునే మొగుడితో కొట్లాడి ఉంది. సాయంత్రం వెతుక్కుంటూ వచ్చి, "గది కొట్టెయ్యి నర్సమ్మా, కోపంల అన్న," అని నా ముందే గీత గీయించింది. మూడోవాడు బాసర పోయే దారిలో రెండు రోజులు ఆగిన బైరాగి. నూట పన్నెండు ఇళ్లలో నాకు ఎనభై ఇళ్ల వాకిళ్లలోనైనా ఆ వాసన తగిలింది. తగిలినా, వాళ్లు కాదంటే కాదని రాసుకున్నాను. ఆ వాసన నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

తొంభై నాలుగో ఇల్లు సత్తవ్వది. ఆమె భర్త కొమురెల్లి టబ్బులు తోసేవాడు. నేను అడిగాను, ఆమె కాదంది, నేను రాసుకున్నాను. లేచి పోబోతుంటే ఆమె నా చీర కొంగు పట్టుకొని కూచోబెట్టింది.

"కోపం జెయ్యకు నర్సమ్మా. నువ్వడిగేదే తప్పు."

"ఎట్ల తప్పు?"

"తాగుతడా అంటే నేనేం జెప్పాలె? తాగుతడంటే పని పాయె. తాగడంటే అబద్దమాయె. గా మూలింటి మొండయ్యను జూడు. నిజాం కాలం నుంచి తాగుతుండు. పనిదిగి వస్తడు, తానం జేస్తడు, ఒక్క చిలుం తాగి, బువ్వ తిని పంటడు. ఇంతవరకు ఒక్క నాగా లేదు. ఆయనను నీ కాగితంల ఎక్కిస్తవు. మా ఇంటాయన తాగేది చిటికెడు. గదీ వారానికి రెండు మూడుసార్లే. గానీ బాయిల దిగేటప్పుడే తాగుతడు. మొన్న సద్దిగిన్నె యాడ పెట్టిండో యాదికి లేదు. అంతకుముందు గంట ఇనపడలేదట, పక్కోడు గుంజకపోతే టబ్బు కింద వడుతుండె. నాగా అయిన దినం హాజరు రాసే మస్టరు బాబు కాడికి నేనే ఉరుకుతా, జరమొచ్చిందని చెప్త. నువ్వు ఎంత తాగుతడని గాదు, ఎప్పుడు తాగుతడని అడుగు. ఆయన తాగినంక నేనేం జెయ్యాల్సొస్తుందో గది అడుగు."

నా చేతిలో పెన్సిలు ఉంది కానీ రాయడానికి గడి లేదు. కాగితం వెనక్కి తిప్పి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. ఇంటికి పోతూ దారిలో నాకొక ఆలోచన వచ్చి కాళ్లు ఆగిపోయాయి. గంట వినపడకపోవడం కొమురెల్లికి. ఆ గంట ఎవరికోసం మోగుతుంది? పైన మీట పట్టుకున్న మనిషి కోసం. తాడుకు ఆ కొసన కొమురెల్లి, ఈ కొసన నా భర్త. ఇద్దరూ తాగి ఉన్న పొద్దున, మధ్యలో ఆ ఇనుప తాడు తప్ప ఇంకేం లేదు.

మర్నాడు ఫారాలన్నీ డాక్టరు గారి బల్ల మీద పెట్టి, ఇవి పనికిరావన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి చూశారు. నర్సులు ఆయనతో అలా మాట్లాడరు. సత్తవ్వ పేరు చెప్పకుండా ఆమె చెప్పినదంతా చెప్పాను.

"బాగానే ఉంది గానీ, నర్మదమ్మా, కొలత అంటూ ఒకటి ఉండాలి కదా. ఎన్ని గ్రాములన్నది తెలిస్తే ఇంత దాటితే ప్రమాదం అని గీత గీయొచ్చు. ఇలా ఒక్కొక్క ఇంటి కథా రాసుకుంటూ పోతే అది లెక్క ఎలా అవుతుంది?"

"ఎన్ని గ్రాములో తాగేటోనికే తెల్వది సార్. పొట్లం ఇప్పుతడు, నలుపుతడు, పీలుస్తడు. ఎన్నిసార్లు లేపితే లేస్తడో నాకు తెలుసు. మూడుసార్లు."

నా ఇంటి మాట అంటున్నానని అన్నాక గానీ నాకు తెలియలేదు. డాక్టరు గారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. నేను కిటికీ అవతల బొగ్గు కుప్పను చూస్తున్నాను. ఆయన మంచివారు. ఇంకేమీ అడగలేదు. ఒక తెల్లకాగితం తీసి నా వైపు జరిపి, "అయితే ఏం అడగాలో మీరే చెప్పండి," అన్నారు. పదేళ్ల ఉద్యోగంలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయన. నాకు సంతోషం కంటే ముందు భయమేసింది.

మూడు మధ్యాహ్నాలు కూచున్నాం. ఆయన పుస్తకాలు తెచ్చారు, నేను వాకిళ్లు తెచ్చాను. నిద్రలేచిన గంటలోపే తాగుతాడా అన్నది ఆయన అడిగిన ప్రశ్న. ఒళ్లు దానికి అలవాటు పడిందో లేదో అది చెబుతుందన్నారు. పనిలో దిగేముందు తాగుతాడా అన్నది సత్తవ్వది. ఈ నెలలో దానివల్ల నాగా అయిందా, చెప్పిన మాట, పెట్టిన వస్తువు మరిచిపోతున్నాడా అన్నవి ఇద్దరం కలిసి రాసినవి. మానుదామనుకొని మానలేకపోయాడా అన్నది మళ్లీ ఆయనదే. నాది ఒక్కటి: ఆయన చెయ్యాల్సిన పని, చెప్పాల్సిన అబద్ధం, ఇంట్లో ఇంకొకరు చెయ్యాల్సి వస్తోందా? డాక్టరు గారు దాన్ని మళ్లీ చదివారు. "ఇది ఆయన గురించి కాదు కదా, ఆవిడ గురించి కదా," అన్నారు. "ఆమె జేస్తుండబట్టే ఆయన మీద కనవడుత లేదు సార్," అన్నాను. అది ఉండిపోయింది. ఆరింటిలో మూడింటికి అవునంటే ప్రమాదపు గీత దాటినట్టు అనుకున్నాం. తాగినా, అంతకు తగ్గితే వదిలేస్తాం; గీత దాటినవాళ్లకు మానే దారి చెప్పి, ఆరు వారాలకు మళ్లీ అడుగుతాం. పేర్లు దవాఖాన దాటిపోకూడదు, పని ఎవరికీ పోకూడదు అన్నది నేను పెట్టిన షరతు. అందుకు డాక్టరు గారు పైవాళ్లతో రెండుసార్లు మాట్లాడి ఒప్పించుకొచ్చారు. యంత్రం మీదో, మందుగుండు దగ్గరో పనిచేసేవాళ్లు గీత దాటితే ఆరు వారాలు పైన వేరే పనిలో ఉంటారు, జీతం అంతే. చీటీలో 'వైద్య కారణం' అని మాత్రమే ఉంటుంది.

మళ్లీ నూట పన్నెండు ఇళ్లు తిరిగాను. ఈసారి తలుపులు వేరేగా తెరుచుకున్నాయి. లస్మవ్వ అనే ముసలామె కొడుకు గురించి చెప్పి, చేతులు ఒళ్లో పెట్టుకొని కూచుంది. "గిదంత ఎవలన్న అడుగుతరని అనుకోలే," అంది. ఒకామె నా ప్రశ్నకు జవాబు చెప్పకుండా, తాను చేసేవి ఒక్కొక్కటే వేళ్ల మీద లెక్కబెట్టడం మొదలుపెట్టి, వేళ్లు చాలక నవ్వింది. తాగేవాళ్లు అరవై ఒక్కమంది తేలారు. గీత దాటినవాళ్లు ఇరవై ఇద్దరు. మొండయ్య అందులో లేడు. కొమురెల్లి ఉన్నాడు.

డాక్టరు గారు నివేదిక రాసి టైపు చేయించారు. "నేను రూపొందించిన ప్రశ్నల ద్వారా" అని మొదలైంది. నేను రెండుసార్లు చదివాను. ఇంట్లో ఎవరైనా వచ్చి కూర బాగుందంటే అంబదాస్ "మా ఇంట్ల గిట్లనే ఉంటది," అంటాడు, అది గుర్తొచ్చింది. ఊరుకుందామనుకున్నాను. ఊరుకోవడం నాకు బాగా వచ్చు. కానీ ఆ ఆరో ప్రశ్న నా పేరు లేకుండా పోతుంటే నోరు ఊరుకోలేదు. "సార్, గీ ప్రశ్నలు మనం ఇద్దరం రాసినం," అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. ఆ పేజీ మళ్లీ టైపు చేయించారు. అందులో నా పేరు డాక్టరు గారి పేరు పక్కనే, అదే సైజు అక్షరాల్లో పడింది.

అప్పటికి ఒక్క కాగితం నా సంచిలో ఖాళీగా మిగిలి ఉంది. నూట పదమూడో ఇల్లు. మా ఇల్లు. మొదటిసారీ తిరగలేదు, రెండోసారీ తిరగలేదు. ఎవరూ అడగలేదు కూడా. వదిలేస్తే ఎవరికీ తెలియదు. ఆదివారం మధ్యాహ్నం అంబదాస్ బెల్లంపల్లి బజారుకు పోయినప్పుడు, బియ్యం చాటను పక్కకు జరిపి కాగితం ముందేసుకున్నాను. మొదటిది, అవును. రెండోది, అవును. నాగా అయిందా అన్నచోట పెన్సిలు ఆగింది. కాలేదు. ఒక్క నాగా లేదు. నేనుండగా ఎట్లా అవుతుంది? కాదు అని రాసి, నా ప్రశ్న దగ్గర అవును అని రాశాను. మరిచిపోవడం, అవును. నాలుగు. గీత ఎప్పుడో దాటింది. మానుదామనుకొని మానలేకపోయాడా అన్నది పైకే చదివి, ఎన్నడూ మానుదామనుకోలేదు గదా అని, కాదని రాయబోయాను.

"గా దానికి గూడ అవునని రాయి."

మా అత్త తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎప్పటినుంచి వింటోందో.

"నీ పెండ్లికి ముంగట బాసరల గోదావరి నీళ్లు చేతుల వోసుకొని ఒట్టు వెట్టిండు. పది దినాలు మానిండు. తిండి లేదు, నిద్ర లేదు, చెమటలు. ఉత్తగనే అందరి మీద ఎగవడుతుండె. తల్లిని గదా, జూడలేకపోయిన. దుకాణం కాడికి నేనే పోయి తెచ్చిచ్చిన." ఆమె వచ్చి నా ఎదురుగా కూచుంది. "కన్నతల్లి జేసే పని గదేననుకున్న. నీకు చెప్తే మొగుని తక్కువ జేస్తవని చెప్పలే."

ఇన్నేళ్లూ ఓపిక పట్టమని ఆమె నాకు చెబుతుంటే, అది నా మీది అధికారం అనుకున్నాను. ఆమె తనకు తెలిసిన ఒకే ఒక్క ఉద్యోగం నాకు నేర్పుతోందని ఆ మధ్యాహ్నం అర్థమైంది. లేచి ఆమెకు మంచినీళ్లు ఇచ్చాను. ఆమె తాగింది. తర్వాత చాట దగ్గరికి జరుపుకొని, నేను సగంలో ఆపిన బియ్యం ఏరడం మొదలుపెట్టింది. నేను అవునని రాశాను. ఐదు.

సోమవారం ఆ కాగితం డాక్టరు గారికి ఇచ్చాను. మంగళవారం అంబదాస్‌ను హాలర్ మీదినుంచి తీసి, కూలీల దీపాలు తుడిచి ఇచ్చే గదిలో వేశారు. ఆయన పట్టపగలే ఇంటికొచ్చి సద్దిగిన్నె గోడకేసి కొట్టాడు.

"నా పేరు రాసినవా?"

"రాసిన."

"పెండ్లాం మొగని మీద కాగితం రాస్తదా యాడన్న? బాయి మీద నా మొకం ఏడ వెట్టుకోవాలె?"

నేను కిందపడ్డ గిన్నె తీసి పొయ్యి పక్కన పెట్టాను. "గా తాడు మీ చేతుల ఉంటది. తాడు పక్కపొంటి కొమురెల్లి నడుస్తడు. ఆయన పెండ్లాం నన్ను నమ్మి నిజం జెప్పింది. ఆమెను నిజం జెప్పుమని, నేను అబద్దం ఎట్ల జెప్పాలె? మీ ఇజ్జతు కోసం ఇన్నేండ్లు చెప్పిన. ఇగ నాతోటి గాదు."

ఆయన చెయ్యి లేచింది. అత్త మా మధ్యకు వచ్చి నిలబడింది. "దాన్ని అనకు. గందుట్ల ఒకటి నేను జెప్పిన," అంది. ఆయన తల్లి ముఖం చూశాడు. అప్పటిదాకా ఆమె తన వైపు తప్ప ఇంకోవైపు నిలబడటం ఆయన చూసి ఉండడు. చెయ్యి దించుకొని బయటికి పోయాడు.

పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. చిలుం కూడా ముట్టలేదు; హాలర్ మళ్లీ చేతికి రావాలంటే మానాలని ఆయనకు తెలుసు. ఆ రోజులు బాగా గడవలేదు. ఆయనకు నిద్ర పట్టేది కాదు, చెమటలు, ఊరికే చిరాకు. ఇవి రెండు మూడు వారాలు ఉంటాయని, తర్వాత తగ్గుతాయని డాక్టరు గారు చెప్పిన మాట అత్తకు చెప్పాను. మజ్జిగ ఇచ్చాం, సాయంత్రం గుట్ట దాకా నడవమన్నాం. ఆమె రెండుసార్లు దుకాణం వైపు చూసింది గానీ పోలేదు. ఆయన్ను లేపడం నేను మానేశాను. మొదటి వారం రెండు రోజులు నాగా పడింది. ఆ రెండు రోజులూ నా కాళ్లు మస్టరు బాబు దగ్గరికి పరుగెత్తబోయాయి. వాటిని ఆపుకోవడం నాకు, మానడం ఆయనకు ఎంత కష్టమో అంత కష్టమైంది. మూడో వారంలో ఒక పొద్దున నేను పొయ్యి దగ్గర ఉండగా ఆయనే లేచి ముఖం కడుక్కున్న చప్పుడు వినిపించింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఏడుస్తానేమోనని.

ఆరు వారాలయ్యాక గీత దాటినవాళ్లందరినీ మళ్లీ రమ్మన్నాం. దవాఖాన వరండాలో బల్ల వేసుకొని నేను కూచున్నాను. ముగ్గురు అసలు రాలేదు. వచ్చినవాళ్లలో కొందరు పూర్తిగా మానారు. ఎక్కువమంది మానలేదు గానీ, దిగేముందు తాగడం మానారు. కొమురెల్లి సత్తవ్వతో వచ్చాడు. ప్రశ్న ఆమెను అడిగితే ఆయనే జవాబు చెప్పాడు, తప్పు చెప్పినప్పుడు ఆమె దిద్దింది. ముగ్గురూ నవ్వుకున్నాం. ఈ కాగితం ఇంకో రెండు గనులకు పంపమని అడిగారని డాక్టరు గారు పొద్దుననే చెప్పారు. అక్కడికి పోయి నర్సులకు నేర్పి రావాలి. "మీరు వెళ్లగలరా?" అని అడిగారు. ఈసారి "ఎలాగూ" అనలేదు. ఇంట్లో అడిగి చెబుతానని అనబోయి, పోతానని చెప్పాను.

అంబదాస్ పన్నెండు గంటలకు వచ్చాడు. వరుసలో ఉన్నవాళ్లను దాటుకొని నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "నన్ను ఇంట్లనే అడగరాదా? గిందరి ముంగట ఎందుకు?" అన్నాడు.

ఆయన ముఖం కాస్త పాలిపోయి ఉంది. కళ్లలో ఎరుపు లేదు. నాకు ఆయన మీద జాలి కలిగింది, ప్రేమ కూడా. ఆ రెండూ కలిగినప్పుడల్లా నేను లేచి ఆయన చెయ్యాల్సిన పని చేసేదాన్ని.

"ఇంట్ల నేను నర్సును గాను," అన్నాను. "మీ ముంగట నలుగురున్నరు. వరుసల కూసోండ్రి."

ఆయన పోయి బెంచీ చివర రాయమల్లు అనే కూలీ పక్కన కూచున్నాడు. రాయమల్లు జరిగి చోటిచ్చాడు. నేను తర్వాతి పేరు పిలిచాను.